దగ్గకుండా వినాల్సిన ఉపన్యాసం

సక్కుబాయి పెన్‌గంగ దాటి ఆదిలాబాదుకు కోడలిగా వచ్చినప్పుడు ఆమెకు మరాఠీ తప్ప తెలుగు ముక్క రాదు. పెళ్లయిన మొదటి సీజనులోనే మొగుడు హనుమండ్లు ఆమెను జిన్నింగు మిల్లుకు తీసుకుపోయి మిషను ముందు కూర్చోబెట్టాడు. గింజ పత్తిని గుప్పిళ్లతో రోలర్ల నోటికి అందించడం ఆమె పని. గింజ కిందికి రాలేది, దూది ముందుకు పడేది, నూగు మాత్రం ఎటూ పోక ఆ రేకుల షెడ్డులోనే తిరిగేది. ముక్కుకు కొంగు చుట్టుకున్నా సాయంత్రానికి ఉమ్మి తెల్లగా పడేది. ఆ నూగులోనే ఆమె తెలుగు నేర్చుకుంది, తెలుగులో తిట్టడం నేర్చుకుంది, దగ్గడమూ నేర్చుకుంది.

హనుమండ్లు అదే మిల్లులో పత్తి కుక్కిన బోరాలు మోసేవాడు. కొన్నేళ్లకు నాలుగడుగులు నడిచి ఊపిరందక నిలబడిపోయే స్థితికి వచ్చాడు. మిల్లు మేనేజరు అతని ముఖమైనా చూడకుండా, "చుట్టలు తాగి తాగి గుండె కాల్చుకున్నాడు" అని తేల్చేశాడు. హనుమండ్లు బతుకులో చుట్ట ముట్టించినవాడు కాదు. అతను పోయాక కూడా మిల్లులో ఆ మాటే నిలిచింది. మొగుడు పోయిన దుఃఖం సక్కుబాయికి ఏళ్ల మీద కొంత చల్లారింది. ఆ చుట్ట మాట చల్లారలేదు.

తర్వాత మిల్లులో ఒక పద్ధతి పడింది. ఎక్కువగా దగ్గేవాళ్లకు పని ఉండదు. సక్కుబాయి పక్కన కూర్చునే కిష్టవ్వను అలాగే పంపించేశారు. అప్పటినుంచి ఆడవాళ్లు దగ్గు వస్తే ఆపుకునేవారు. మిషన్లు జోరందుకొని రేకులు అదిరేటప్పుడు ఆ చప్పుడులో కలిపి దగ్గేసేవారు. దుమ్మును బయటికి లాగే పంకా ఒక్కటి గోడకు పెట్టించమని అడిగితే, పత్తి ధర పడిపోయిందని మిల్లు యజమాని సేటు చేతులెత్తేశాడు.

ధర పడిపోయిన ఆ ఏడే సేటు పట్నంలో విశ్వవిద్యాలయానికి విరాళమిచ్చి ప్రపంచ నాయకుల ఉపన్యాసమాల పెట్టించాడు. ఏడాదికొకసారి ఏదో దేశాన్ని ఏలిన పెద్దమనిషి విమానం దిగి వచ్చి, మనుషులు ఎలా బతకాలో చెప్పి పోతాడు. గోడపత్రికల మీద ఆయన పేరుకన్నా మిల్లు పేరు లావుగా ఉంటుంది. అరవై నాలుగు చలికాలంలో, ఈసారి ఉపన్యాసం తన ఊళ్లోనే జరగాలని సేటు పట్టుబట్టాడు. అక్కడి కాలేజీకి తన తండ్రి పేరిట ఆయన కట్టించిన హాలు కొత్తగా తయారైంది. వచ్చేది సముద్రాల అవతల ఒక చలిదేశానికి మాజీ ప్రధాని. విషయం, శ్రమకు గౌరవం.

కాలేజీలో విద్యార్థులు పిడికెడు మంది. ఫొటోల్లో ఖాళీ కుర్చీలు పడితే సేటు పరువేం కావాలి? మిల్లు ఒక పూట బందు పెట్టి, కూలీలందరినీ ఉతికిన బట్టలు కట్టుకొని రమ్మన్నారు. ఆ పూటకు వాళ్లు పట్టణ పౌరులు.

హాలు బయట జమేదారు అంతయ్య అందరికీ తలా రెండు లవంగాలు పంచాడు.

"దవడకు పెట్టుకోండ్రి. నేను రుమాలు లేపంగనే చప్పట్లు కొట్టాలె, దించంగనే ఆపాలె. లోపల ఎవలన్న దగ్గిండ్రో, రేపటికెళ్లి గేటు దిక్కు రావద్దు. సేటు ఖరాఖండిగ చెప్పిండు."

"తుమ్మొస్తెనో, జమేదార్ సాబ్?" అన్నాడు బోరాలు మోసే మొగిలి.

"నోరు మూస్కోరా!"

"తుమ్ముకు యాలక్కాయ ఇస్తరేమో తియ్," అంది సమ్మవ్వ. అందరూ నవ్వారు. అంతయ్య కూడా నవ్వబోయి, దగ్గొచ్చి, గబుక్కున ఒక లవంగం తన నోట్లోనూ వేసుకున్నాడు.

లోపల కప్పు నిండా పంకాలు తిరుగుతున్నాయి. సక్కుబాయి కొంగు భుజాల మీదికి లాక్కుంది.

"గిదేందే సమ్మవ్వా, గింత సలిల పంకలు?"

"దొరకు ఉక్కపోస్తదంట."

"మనం గోడకు ఒక్కటి అడిగితె పైసల్లేవన్నరు గదనే."

"దూదికి ఉక్కపోయది గద," అంది సమ్మవ్వ.

నాయకుడు మంచి గొంతుతో మాట్లాడాడు. కాలేజీ పంతులు పక్కన నిలబడి ఒక్కో వాక్యం తెలుగు చేశాడు. శ్రమజీవి ముందు ప్రపంచం తల వంచాలన్నాడు. రుమాలు లేచింది, చప్పట్లు మోగాయి. రుమాలు దిగింది, హాలు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దమే వాళ్ల కొంప ముంచింది. ఏళ్లుగా మిషన్ల చప్పుడు చాటున దగ్గినవాళ్లకు ఇక్కడ చాటు లేదు. వెనక ఎవరో దగ్గును గొంతులోనే నొక్కేశారు. ఇంకొకరు కొంగు నోట్లో కుక్కుకున్నారు. సక్కుబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఊపిరి బిగబట్టి కుర్చీ అంచు పట్టుకుంది. ఈ పని పోతే ఆమెకు ఇంకో ఆధారం లేదు.

ఇంతలో మొగిలి ఆపుకోలేకపోయాడు. దగ్గు బస్తా చిరిగినట్టు బయటపడింది. నాయకుడు ఆగి, కళ్లద్దాలు తీసి ఏదో అడిగాడు. మేనేజరు లేచి ఇంగ్లీషులో జవాబిచ్చాడు. పంతులు అప్పటిదాకా పడిన అలవాటుకొద్దీ దాన్నీ మైకులో తెలుగు చేసేశాడు.

"వీరికి చుట్టలు కాల్చే దురలవాటు ఉన్నది. అందువల్లనే ఈ దగ్గు."

సక్కుబాయి లేచి నిలబడింది. ముందు తల్లిభాషే వచ్చింది.

"ఖోటం! ఖోటం బోల్తొయ్!" తర్వాత తెలుగు అందింది. "అబద్ధమాడుతుండు! నా మొగడు ఒక్క చుట్ట తాగలే. మీ మిల్లుల దూది మింగి సచ్చిండు. నేను తాగలే, గీ సమ్మవ్వ తాగలే. పంతులూ, జర గిది గూడ ఇంగ్లీషుల చెప్పు!"

పంతులు మేనేజరు వైపు చూశాడు. ఆమె గొంతు వినపడకుండా చేయాలని అంతయ్య రుమాలు ఎత్తి ఊపాడు. ఒక్క చెయ్యి లేవలేదు. సక్కుబాయి నోట్లో లవంగాలు నేల మీద ఉమ్మి, గుండెల నిండా దగ్గింది. సమ్మవ్వ దగ్గింది. ఆ వరస, వెనక వరస, హాలంతా దగ్గింది. ముందు కుర్చీలోని కలెక్టరు భార్య ముక్కుకు రుమాలు పెట్టుకుంది.

ఆ గోలలోనే పంతులు, తల దించుకొని, మైకులో రెండు వాక్యాల ఇంగ్లీషు చెప్పాడు. నాయకుడు విన్నాడు. సేటు వైపు చూశాడు. మిల్లు చూస్తానని మాత్రం అనలేదు. కాగితాలు మడిచి, టీకి వెళ్లాడు.

తెల్లారి గేటు దగ్గర మేనేజరు స్వయంగా నిలబడ్డాడు.

"మాఫీ అడుగు. అది పొయ్యి పొగ దగ్గని అందరి ముందర చెప్పు. లోపలికి పో."

సక్కుబాయి వెనక్కి తిరిగి వరసలో ఉన్నవాళ్లను అడిగింది.

"నా ఇంట్ల దినాం రెండు పూటలు పొయ్యి మండుతదంట. ఎవలన్న చూసిండ్రా? మీ ఇండ్లల్ల మండుతదా?"

"రెండు పూటలు బువ్వ ఉంటె గద మండేది!" అంది సమ్మవ్వ. వరస పగలబడి నవ్వింది. ఆ పూట ఎవరూ లోపలికి పోలేదు. మూడో నాడు పోయారు. పోక ఏం చేస్తారు? సక్కుబాయిని మాత్రం మళ్లీ తీసుకోలేదు. ఆమె అడగనూ లేదు.

ఇప్పుడామె భైంసా బస్సు ఆగే చోట జొన్నరొట్టెలు, మిరప తొక్కు అమ్ముతుంది. దగ్గు పోలేదు. రెండు సీజన్లయ్యాక మిల్లు గోడకు పంకా వచ్చింది. దాని కింద సేటు తండ్రి పేరు చెక్కించారు.

మొన్న మిల్లులో చేరిన ఒక కొత్త గుమాస్తా రొట్టె కోసం చెయ్యి చాపుతూ, "ఎంతైన మా సేటుది దయగల గుండె. పాపం, కూలోళ్ల కోసమని పంకా పెట్టిచ్చిండు" అన్నాడు.

సక్కుబాయి అతని చేతిదాకా వచ్చిన రొట్టెను వెనక్కి తీసుకొని గంపలో వేసుకుంది.

"నీకు లేదు, పో. దయగల సేటునే అడుగు."