గడ్డి పరిచిన బండి

గండి పడిన ఏడాది మా చెరువు ఒక్క వానకు ఖాళీ అయింది. కట్ట మళ్లీ వేసేసరికి రెండు ఎండాకాలాలు గడిచాయి. అడుగు నెర్రెలిచ్చింది, తామరదుంపలు ఎండిపోయాయి. ఆ తర్వాత వానలకు నీళ్లు నిండితే ఊరంతా సంబరపడింది. చేపలు పట్టి బతికే మా ఇళ్లవాళ్లం మాత్రం సంబరపడలేదు. వల వేస్తే పాకుడు వచ్చేది. కొంగ కూడా వాలేది కాదు.

"గిది చెర్వు గాదురా, ఉత్త నీళ్లు" అన్నాడు బాపు, మా నాన్న.

తోటివాళ్లు ఒక్కొక్కరే బొగ్గుబాయి పనికి పోయారు. బాపు ఆ ఒక్క వానాకాలం చూస్తానన్నాడు. చేపలు మళ్లీ రాకపోతే తానూ బాయిలో దిగుతానన్నాడు. ఆకాశం కింద తప్ప ఎక్కడా పని చేసి ఎరుగని మనిషి.

చేపపిల్లలు తెచ్చి వదులుదామన్నది నేనే. నా బడి చదువు నాలుగో తరగతితో ఆగింది. కానీ ప్రతి వారం ధర్మపురికి నడిచిపోయి, అక్కడి గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు దాదాపు అన్నీ చదివినవాణ్ణి. ఎండిన చెరువును మళ్లీ బతికించవచ్చని ఒక చిన్న పుస్తకంలో దొరికింది. చేపపిల్లలు చాలా సుకుమారమైనవని కూడా అందులో ఉంది. ఆ ఒక్క మాట చుట్టూ మిగతాదంతా నేనే అల్లుకున్నాను.

మా మేనత్త ఊరి చెరువులో ఆ రోజుల్లో చేపపిల్లలు మేఘాల్లా తిరుగుతున్నాయి. బాపు మా చెరువు ఒడ్డున లోతులేని చోట వల అడ్డం కట్టి, వాటికోసం మడి సిద్ధం చేస్తూ ఉండిపోయాడు. నేను బండి కట్టుకుని పోయాను. తెల్లవారుతుండగా అత్తా నేనూ పాత పంచెతో పిల్లలను పట్టి నాలుగు వెడల్పు మూతి కుండల్లో పోశాం. కుండల కింద మూరెడు మందాన వరిగడ్డి పరిచాను. గతుకుల బండ్లబాట వదిలి, పంచాయతీ సమితివాళ్లు కొత్తగా వేసిన నున్నటి రోడ్డు పట్టాను. అది చుట్టుదారి.

నాతో బండెక్కి కుండల పక్కన కూర్చున్న అత్త కాసేపటికి చెయ్యి నీళ్లలో పెట్టి తిప్పబోయింది. వద్దన్నాను.

"నీళ్లు కదలాలె అల్లుడా. మా నాయన కుండ మోస్తె ఊపుకుంటనే నడిచేటోడు."

"చిన్న పిల్లలకు అదురు తగులొద్దత్తా. పుస్తకంల ఉన్నది."

"పుస్తకం రాసినాయన ఎన్నడన్న కుండ మోసిండా?" అంది. "పరుపేసి పండవెడితివి. ఇగ జోలపాట గూడ పాడు" అని చెయ్యి తీసేసింది.

పొద్దెక్కింది. ఎడ్లకు కాస్త నీడన అలుపు తీరుద్దామని బండి ఆపాను. కుండల మీద కప్పిన తడిగుడ్డ తీసి చూస్తే పిల్లలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. "ఆడుకుంటున్నయత్తా" అన్నాను.

అత్త తొంగి చూసింది. "ఆట గాదు బిడ్డా. నీళ్లు కదలక ఊపిరాడుతలేదు."

ఆ తర్వాత నేను చేసినవన్నీ పిచ్చివాడి పనులు. రెండు చేతులతో నీళ్లు బాదాను. గడ్డి పీకి రోడ్డు మీద పారేశాను. పక్క బావి నుంచి చల్లటి నీళ్లు తెచ్చి ఒక కుండలో గుమ్మరించాను. ఆ కుండ మొత్తం అప్పటికప్పుడే తెల్లగా తేలింది. ఎడ్లను కొట్టి బండిని చేలలోకి, గట్ల మీదికి తోలాను. అత్త రెండు కుండల్లో చేతులు పెట్టి కలుపుతూ, నాలుగోదాన్ని మోకాలితో అదుముకుని కూర్చుంది. నన్ను తిట్టినా బాగుండేది.

బాపు మొలలోతు నీళ్లలో నిలబడి ఎదురుచూస్తున్నాడు. కుండలు ఒక్కొక్కటే వంచాం. తెల్లటివి పైన పరుచుకున్నాయి. కదిలినవి రెండు దోసిళ్లకు మించి లేవు.

"ఎండ దెబ్బరా తమ్మీ" అంది అత్త బాపుతో, నా ముఖం చూడకుండా.

బాపు బండిలో ఇంకా అంటుకుని ఉన్న గడ్డి చూశాడు. బతికినవాటిని చేతులతో నెమ్మదిగా మడిలోకి తోశాడు. మూడోనాటికి అవీ కనిపించలేదు. మళ్లీ పట్టుకొద్దామని పరుగెత్తాను గానీ, అత్త ఊళ్లో పిల్లలు ఎదిగి లోతుకు పోయాయి. మరుసటి వానల దాకా దొరకవు.

బొగ్గుబాయి పనికి బాపు దరఖాస్తు నేనే రాయాల్సి వచ్చింది. గ్రంథాలయంలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో రాశాను. వృత్తి అన్నచోట కలం ఆపి బాపు వైపు చూశాను.

"కూలి అని రాయి."

"మనది చేపల పని గదా బాపు. అబద్ధమైతది."

"చేపలేడున్నయిరా?"

కూలి అని రాశాను. కాగితం ఆయన ముందు పెట్టి, వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించాను.