గోడ కూల్చే ఉద్యోగం

కరోనా తగ్గి గల్ఫ్ విమానాలు మళ్లీ మొదలైన యేడు, వేల్పూర్ పసుపు బండ్లు మార్కెట్‌కు వరస కట్టే రోజుల్లో, నిజామాబాద్ శివారులో ఒక టెస్టు యార్డులో నేను పనికి కుదిరాను. నా పని గోడలు కూల్చడం.

ఇట్లాంటి పని ఒకటుందని చాలామందికి తెలియదు. గల్ఫ్ కంపెనీకి మేస్త్రీలు కావాలంటే ఇక్కడి ఏజెంటు మనుషులను పోగేస్తాడు. ఎంచుకోవడానికి కంపెనీ తరఫున డెలిగేట్ వస్తాడు. ఒక్కొక్కరికీ ఇటుకలిచ్చి, ఒక మూల తిప్పి నడుమెత్తు గోడ కట్టమంటారు. ఇటుకల నడుమ పెట్టడానికి సిమెంటు ఇవ్వరు, మట్టి కలిపిన మాలే. డెలిగేట్ చూడగానే గోడ పడగొట్టి, ఇటుకలు గీకి, తర్వాతి మనిషికి ఇవ్వాలి కదా. డెలిగేట్ దారం కట్టిన గుండు వేలాడదీసి, గోడ నిటారుగా ఉందో లేదో చూస్తాడు. తలూపితే పాసు. యార్డులో పైన ఏజెంటు, ఆయన కింద టెస్టు మేస్త్రి, అందరి కిందా నేను.

ఆ పని నాకు ఊరికే రాలేదు. కట్టిన గోడను అదే రోజు కూల్చడం అరిష్టమని మా దిక్కు మేస్త్రీలు అంటారు. మగ కూలీలు గడ్డపార ముట్టలేదు. పసుపు కుంకాలున్న ఆడవాళ్లూ ముట్టలేదు. టెస్టు మేస్త్రి నా బోసి నుదురు చూసి, "పోశక్కా, నీకింక పోయేదేమున్నది? పోయినోడు పోనే పోయిండు. నువ్వు కొట్టు" అన్నాడు. కొత్త ఇంటికి ముగ్గు పోసే రోజు నేను ఎదురొస్తే మొహం తిప్పుకునేవాళ్లే, గోడ కూల్చడానికి మాత్రం పేరు పెట్టి పిలిచారు. పోయాను. కడుపుకు అరిష్టం లేదు.

పోయినోడు అన్నది నా పెనిమిటిని. ఆయనా మేస్త్రే. ఆయన సంగతి తెలియాలంటే వీసాల సంగతి తెలియాలి. గల్ఫ్‌కు పోయే మావాళ్లు ఎక్కువగా మూడు దారుల్లో పోతారు. కంపెనీ వీసా అయితే ఆ కంపెనీలో, వీసాలో, అక్కడిచ్చే గుర్తింపు కార్డు మీద ఏ పని రాసుంటే ఆ పని. ఇంటి వీసా అయితే ఒక అరబ్బు ఇంట్లో వంటో, తోటపనో, డ్రైవరో. మూడోదాన్ని ఆజాద్ వీసా అంటారు. అది మనవాళ్లు పెట్టుకున్న పేరే, అక్కడి సర్కారు ఒప్పుకునేది కాదు. పేరుకు ఒక అరబ్బు ఇంటి పనివాడు, బయట దొరికిన చోటల్లా పని. ఆ అరబ్బును కఫీల్ అంటారు. అతను ఒప్పుకోకుండా కార్డు మీద పని మార్చుకోవడం కష్టం.

నా పెనిమిటి ఆ మూడో దారిలో పోయాడు. కార్డు మీద తోటపని, చేసేది గోడపని. మూడో అంతస్తు పరంజా మీంచి పడ్డాడు. పెట్టె వచ్చింది, మట్టిలో పెట్టాం. ఆ తర్వాత పరిహారం కోసం మనిషిని పట్టుకుని అడిగిస్తే, తోటమాలికి మూడో అంతస్తులో ఏం పని అని అక్కడినుంచి జవాబొచ్చింది. ఆయన కార్డు మీద తోటపని అని ఉన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

పనిలో చేరిన రెండో వానాకాలం, బోధన్ దగ్గరి ఊరినుంచి సాయిలు అనే మేస్త్రి టెస్టుకు వచ్చాడు. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్ని రోజులు వాళ్ల బాపు అందులో బట్టీలకు ఇటుక పేర్చేవాడట. ఫ్యాక్టరీ మూతపడింది, ఊళ్లో చెరుకూ తగ్గింది, కొత్త ఇళ్లు కట్టేవాళ్లూ తగ్గారు. సాయిలు నోరు ఊరుకునేది కాదు.

"అక్కా, నా గోడను జర మెల్లగ కూలగొట్టు. పాపం, నిన్న మొన్నటిదాంక మట్టే గదా."

"ముందుగాల నిలబడనియ్యిరా, తర్వాత సూద్దం."

నిలబడింది. సాయిలు తనే గుండు వేలాడదీసి చూస్తే, పక్కన దారమంత సందు కూడా లేదు. ఆ పొద్దు లేచిన గోడల్లో దాన్ని మించింది లేదు.

డెలిగేట్ భోజనానికి పోయాడు. ఇంకా ఆ వరసలోని గోడలు చూడలేదు. అప్పుడు ఏజెంటు నా దగ్గరికి వచ్చి, "పోశక్కా, ఆ మూల గోడ జల్దీ కూలగొట్టు. సాబ్ వచ్చేలోపల సాఫ్ కావాలె" అన్నాడు. నాకు అర్థమైంది. ఉన్న కొద్ది మేస్త్రి వీసాలు ఆయన ముందే తన మనుషులకు ఒప్పుకున్నాడు. డెలిగేట్ ఆ గోడ చూస్తే వాళ్లలో ఒకరిని తీసేసి సాయిలును పెట్టుకుంటాడు.

"సూడని గోడ నేను ముట్ట సార్" అన్నాను. గడ్డపార పక్కన పెట్టి సద్ది విప్పాను.

ఏజెంటు నాతో కొట్లాడలేదు. సాయిలును పక్కకు తీసుకుపోయి భుజం మీద చెయ్యేశాడు. మేస్త్రి వీసా అయితే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు, లేబర్ వీసా అయితే ఈ గుంపుతోనే పోవచ్చు, అక్కడికి పోయాక పని మార్చుకోవచ్చు, ముందు ఆ గోడ లేకుండా చెయ్యి అని చెప్పాడట. సాయిలు నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"గడ్డపార ఇయ్యే అక్కా."

ఇయ్యలేదు. "ఆడ మార్సుడు ఈయన చేతుల లేదురా. కార్డు మీద కూలీ అని ఉంటది, నీతోని గోడ కట్టిపిస్తరు. కూలీ పైసలిస్తరు. కింద పడితే, కూలోనికి గోడ మీదేం పని అంటరు. మా ఆయనకట్లనే అన్నరు" అని, మొత్తం చెప్పాను. తల వంచుకుని విన్నాడు. నవ్వలేదు.

"నువ్వు చెప్పేది నిజమే. మరి ఇంటికాడ కూసున్నోని కార్డు మీద ఏం రాస్తరే అక్కా?"

వంగి నా పక్కనున్న గడ్డపార తీసుకున్నాడు. తను కట్టిన గోడను తనే, అదే పూట, మూల దగ్గర్నుంచి మొదలుపెట్టి పడగొట్టాడు. ఎవరూ అరిష్టం మాట ఎత్తలేదు. డెలిగేట్ వచ్చేసరికి అక్కడ ఇటుకల కుప్ప ఉంది. సాయిలుతో ఒక సిమెంటు సంచి ఎత్తించి, గేటు దాకా నడిపించి, లేబర్‌కు పాసు చేశాడు. ఆ ఇటుకలు గీకి పేర్చింది నేనే. మోకాళ్లు పోయేదాకా ఆ యార్డులోనే చేశాను.

మొదటి సెలవుకు వచ్చినప్పుడు సాయిలు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఫోనులో ఒక పెద్ద గోడ చూపించి, "నేనే కట్టిన. గీ గోడను ఎవ్వలు కూలగొట్టరు అక్కా" అన్నాడు. కార్డు మీద ఇప్పుడు ఏమున్నదిరా అని అడిగాను. ఫోను జేబులో పెట్టుకుని, చాయ్ తాగుదాం పా అన్నాడు.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇది. ఇంట్లో పొయ్యి ఆరినవాడికి నిజం చెబితే వింటాడు, ఒప్పుకుంటాడు, అయినా పోతాడు. అందుకే ఇప్పుడు ఎవరొచ్చి అడిగినా వద్దని చెప్పను. కార్డు మీద ఏ పని రాసి ఉందో పెండ్లానికి చెప్పి పొమ్మంటాను. పెట్టె వచ్చిన రోజు ఎవరిని ఏమడగాలో ఆమెకైనా తెలియాలి.