వీధి దాటిన ఏరియల్ తీగ

మా అత్తకు తెలుగంటే ప్రాణం, అక్షరం మాత్రం రాదు. గుడియాత్తం బజారులో లుంగీల అంగడి పెట్టుకున్న ఆ ఇంట్లో ఎవరికీ రాదు. అందరూ చదివింది అరవ బడిలోనే. చిత్తూరు వైపు నుంచి కోడలిగా వచ్చిన నాకొక్కదానికే వచ్చు. అందుకే దీపాలు పెట్టే వేళకు అత్త మా తిన్నె మీద చేరగిలబడి, "చదువు మే" అనేది. నేను భారతమో, పాత పత్రికో పట్టుకుని చదివేదాన్ని. వంటలో నాకు పేరు లేదు, పుట్టింటి నుంచి తెచ్చిన నగా నట్రా లేదు. ఆ ఇంట్లో నా గొప్పంతా ఆ గంటసేపే.

గోడకు అవతలి వాటా మా తోడికోడలిది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. చిత్తూరు ఆంధ్రలోకి పోయి, మేము మద్రాసులోనే మిగిలిపోయిన ఏడాది, ఆంబూరు తోళ్ల మండీలో పనిచేసే ఆమె అన్న ఒక రేడియో తెచ్చి ఇచ్చాడు. దానితో పాటు మెకానిక్కూ వచ్చాడు. అక్క మిద్దె మీద ఒక వెదురు గడ, వీధి అవతల ఎదుటి ఇంటి మీద ఇంకొకటి పాతి, మధ్య రాగి తీగ కట్టాడు. మా మిద్దె మీద కట్టుకుంటే ఇంకా దగ్గర. కానీ నన్ను అడగలేదు. అడిగితే నేనేమంటానో అక్కకు తెలుసు.

ఇంకో తీగ కిందికి దింపి, పెరట్లో భూమిలో దిగగొట్టిన ఇనప గొట్టానికి చుట్టి, "ఇది ఎర్తు. దినామూ తడపాలమ్మా, అప్పుడే బాగా పలుకుతాది" అన్నాడు మెకానిక్కు. అక్క రోజూ స్నానం చేసి వచ్చి దానికి చెంబెడు నీళ్లు పోసేది. తొలి శుక్రవారానికే గొట్టానికి పసుపు, కుంకుమ, మూడు చామంతులు.

విజయవాడ పలికింది. అత్త గోడ అవతలికి పోయింది. మరునాడూ పోయింది, ఆ మరునాడూ పోయింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, అది కళ్లారా చూశాను. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, గోడ మీదుగా ఎవరో ఆడమనిషి గొంతు, దగ్గు లేదు, తడబాటు లేదు, తెలుగు చదువుతూ ఉండేది. కడుపు మండిపోయింది. అబద్ధమెందుకు, ఆ గడ మీద పిడుగు పడాలని కూడా కోరుకున్నాను.

రెండు నెలలకు వేలూరు నుంచి రేడియో లైసెన్సులు చూసే ఇనస్పెక్టరు వచ్చాడు. అక్క లైసెన్సు సరిగ్గానే ఉంది. ఎర్తు ఎక్కడని అడిగితే పెరట్లోకి తీసుకుపోయింది. ఆయన పసుపు కుంకుమలు చూసి, గబగబా బూట్లు విడిచి, దేవుడి చుట్టుపక్కలంతా ఎర్తు కోసం వెతికాడు.

"ఇదే సార్ అది" అంది అక్క.

ఆయన నవ్వుకుని, అంతా బాగుందని రాసుకుని బయటికొచ్చాడు. అంతా బాగుండటమే నేను ఓర్చుకోలేకపోయాను. తిన్నె మీద నుంచే వేలు పైకెత్తి, "మేలే పారుంగ సార్" అని అరవంలో అన్నాను.

ఆయన పైకి చూశాడు. మొహం మారిపోయింది. ఏరియల్ తీగ వీధి దాటకూడదట, కరెంటు తీగల మీదుగా అసలే పోకూడదట. అక్క కట్టించిన తీగ ఆ రెండు తప్పులూ చేస్తోంది. తెగి కరెంటు మీద పడితే ఇంట్లో రేడియో ముట్టుకున్నవాళ్లు బతకరన్నాడు. అదంతా తెలిసి నేను చెప్పలేదు. వీధికి అడ్డంగా ఏది కట్టినా తప్పని ఎక్కడో విన్నాను, అంతే. ఆ పూటే తీగ దింపించాడు.

సాయంత్రం అత్త మా తిన్నె మీదికి వచ్చింది. గెలిచాననుకున్నాను. గొంతు సవరించుకుని, రేడియో ఆమె లాగా ఆగి ఆగి చదివాను. రెండు పేజీలయ్యాక అత్త పుస్తకం మీద చెయ్యి పెట్టింది.

"బాగానే చదువుతావు మే. తీగ సంగతి ఆ సారుకు చెప్పింది నువ్వేనంట కదా."

ఆమె చేతి కింది నుంచి పుస్తకం లాక్కుని మూశాను.

"దినామూ నీ కళ్ల ముందరే ఆ పక్కకు పోతా ఉంటిని. సర్కారోళ్లకు చెప్పినావు. 'యాడికి పోతావు, ఉండత్తా' అని నాకు ఒక్క దినమన్నా చెప్పినావా?"

మరునాడు పొద్దున్నే అక్క వాకిట్లో నిలబడి, రెండో గడ మా మిద్దె మీద పాతుకోమని చెప్పాను. అక్క నన్ను ఎగాదిగా చూసి మెకానిక్కుకు కబురు పెట్టింది. ఇంటి మీద నుంచి ఇంటి మీదికే కాబట్టి తీగకు వీధితో పని లేకపోయింది. సాయంత్రానికి విజయవాడ మళ్లీ పలికింది. అత్త లేచి చెప్పులు వేసుకుంది.

"ఉండత్తా" అన్నాను.

ఆమె చెప్పులు విడిచి మళ్లీ కూర్చుంది. "చదువు మే" అంది. ఆ పొద్దు చదివినంత అధ్వానంగా నేను ఎప్పుడూ చదవలేదు.