గేటు బయటికొచ్చిన మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు నాకు ఎలమంచిలి స్టేషన్లో, ప్యాసింజరు కోసం నిలబడి ఉండగా ఫోన్లో వచ్చింది. చెప్పింది మా ఆవిడ. పొద్దున్న టిఫిను తిని, పేపర్లో ఆటల పేజీ తీసి, ఎవరినో తిడుతూ కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయిందట. ఎవరిని తిడుతోందని అడిగాను. అలాంటి సమయంలో ఎవరూ అడిగే ప్రశ్న కాదది. మా ఆవిడ మాత్రం ఆశ్చర్యపోలేదు. "రిఫరీనే అయుంటాది," అంది.

అనకాపల్లిలో ఫుట్‌బాల్ చూసే అలవాటున్న మీలో చాలామందికి ఆవిడ తెలుసు. మనిషి గుర్తులేకపోయినా గొంతు గుర్తుంటుంది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ట్రంకు కాల్ అంటే గట్టిగా అరవాల్సిన రోజుల్లో తయారైన గొంతది. ఆవిడ భర్త, అంటే మా మావయ్య, ఒకప్పుడు మా ఊరి క్లబ్బుకి గోల్‌కీపరు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన కోసం గ్రౌండుకి వచ్చేది. ఆయన పోయాక కూడా రావడం మానలేదు. టచ్‌లైను పక్కన నల్ల గొడుగేసుకుని నిలబడేది. ఎవరు కుర్చీ ఇచ్చినా కూర్చునేది కాదు. "కూకుంటే తిట్టు గొంతులోంచే వత్తాది, కడుపులోంచి రాదు," అనేది.

పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. ఈవిడ గురించి మెత్తగా రాస్తే చదివినవాళ్ళు ఇంకెవరో అనుకుంటారు. రిఫరీలంటే ఆవిడకి పడదు. మా క్లబ్బు సెక్రటరీ అంటే అసలు పడదు. ఆట అయిపోకముందే లేచి వెళ్ళిపోయేవాళ్ళని పేరు పెట్టి పిలిచి మరీ తిట్టేది. పాసివ్వాల్సిన చోట ఇవ్వకుండా గోలు పోగొట్టిన ఆటగాడిని ఊరందరి ముందూ కడిగేసి, మర్నాడు పొద్దున్నే వాడింటికి దిబ్బరొట్టె పంపేది. రొట్టె పంపినంత మాత్రాన తిట్టు వెనక్కి తీసుకున్నట్టు కాదని కూడా కబురు చెప్పి పంపేది.

కొన్నేళ్ళ కిందట మా క్లబ్బు జిల్లా కప్పులో సెమీఫైనల్‌కి వచ్చింది. నేను అప్పట్లో మెయిన్ రోడ్డు మీద, మేడపైన ఇంటర్నెట్ సెంటరు నడుపుతుండేవాడిని. పరీక్షల రిజల్ట్సు, రైలు రిజర్వేషన్లు, దరఖాస్తులు, ఇవీ నా వ్యాపారం. సెమీఫైనల్ విశాఖపట్నంలో. ఈసారి గేటు దగ్గర కౌంటరుండదని, టిక్కెట్లన్నీ కంప్యూటర్లోనే అని టోర్నమెంటు నిర్వాహకులు ప్రకటించారు. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు తేవాలి, పేరు కొట్టించుకోవాలి, గీతల గుర్తున్న కాగితం ప్రింటు తీసుకోవాలి. గేటు దగ్గర మెషీన్ ఆ గీతల్ని చదివితేనే లోపలికి. బ్లాకు టిక్కెట్లు, గొడవలు అరికట్టడానికని చెప్పారు. ముందటేడు గొడవపడింది మావాళ్ళే కాబట్టి, ఇదంతా మా మీద కక్షతోనే అని ఊళ్ళో అందరూ అనుకున్నారు. అనకాపల్లికి టిక్కెట్లమ్మే పని నా సెంటరుకి వచ్చింది.

సాయంత్రాలు బెల్లం మార్కెట్టు పక్కనున్న టీకొట్టు దగ్గర క్లబ్బు అభిమానులు పోగయ్యేవారు. మా సెంటర్ ఫార్వర్డు పూడిమడక కుర్రాడు. సముద్రం ఒడ్డున ఇసకలో ఆట నేర్చుకున్నవాడు. ఇసకలో పరిగెత్తినవాడిని గడ్డిమీద ఎవరూ పట్టుకోలేరని, ఈ ఏడు కప్పు మనదేనని అందరిదీ ఒకటే మాట. టిక్కెట్ల మాట వచ్చేసరికి ఆ సంబరమంతా కోపంగా మారేది. చెరకు నరుకుళ్ళ రోజుల్లో కార్డులు పట్టుకుని టౌనుకి రావడం కుదరదని రైతులు. పేర్లన్నీ పోలీసులకి ఇవ్వడానికే ఈ ఏర్పాటని మార్కెట్టులో బస్తాలు మోసే కళాసీలు. సెంటర్ ఫార్వర్డు చిన్నాన్న చేపల వ్యాపారం చేసే పెద్దమనిషి. తన ఓటరు కార్డులో పేరు తప్పు పడిందని, ఆ కార్డు చెల్లుతుందో లేదోనని ఆయన దిగులు.

మా అత్త లేచి, ఎవరూ ఒక్క టిక్కెట్టు కూడా కొనకూడదంది. "ఆట మనోళ్ళది. సూడ్డానికి మన పేరు ఆళ్ళకెందుకు సెప్పాల?" అని అడిగింది.

రైలెక్కడానికి పేరు చెప్పడం లేదా అన్నాను నేను. ఆ ఒక్క మాటకి అందరూ నా మీద పడ్డారు. ఆవిడ నా వైపు తిరగను కూడా తిరగకుండా, "ఈడు మా అన్న కొడుకే. కానీ ఈయాల్టి నుంచి ఆళ్ళ మడిసి," అంది.

మర్నాటి నుంచి మా మెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. గ్రౌండులో కూర్చోని మనిషి నా కొట్టు ముందు కూర్చుంది. పైకొచ్చేవాళ్ళని ఒక్కొక్కరినీ ఆపి, టిక్కెట్టు కోసమైతే వెనక్కి పంపేసేది. నాతో మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే మా ఆవిడతో చెప్పించేది. ఆవిడకి మెషీన్లంటే భయమనుకున్నవాళ్ళున్నారు. అది నిజం కాదు. జీవితమంతా మెషీను ముందు కూర్చున్న మనిషి. "ఏ మెసీనుకైనా అవతల పలికే మడిసుండాలి. పలకడం మానేత్తే అది గోడే," అనేది. నేనది వెనకటి కాలం మాట అనుకునేవాడిని.

ఇలా వారం గడిచాక సెక్రటరీ నాకు ఫోన్ చేశాడు. మనవాళ్ళు కొనకపోతే మన స్టాండంతా అవతలి జట్టువాళ్ళకి అమ్మేస్తారట. నేను కిందికి దిగి, ఆవిడ కుర్చీ ముందు నిలబడ్డాను.

"నువ్వెల్లకపోతే నీ జాగా కాళీగా ఉండదత్తా. అవతలోళ్ళు కూకుంటారు. మనోడు బంతి అట్టుకున్నప్పుడల్లా ఈలలేత్తారు. అదే కావాలా నీకు?"

కుర్చీ మడత పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు సెంటరు తెరిచేసరికి మెట్లమీద పూడిమడకవాళ్ళు బారుగా నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు మా అత్త. నా పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కొక్కరి కార్డూ తీసుకుని, ఎక్స్‌ఛేంజిలో చెప్పినట్టే అక్షరం అక్షరం చెప్పింది. పి ఫర్ పూనా, ఏ ఫర్ ఆగ్రా, డి ఫర్ ఢిల్లీ. నేను టైపు చేస్తున్నంతసేపూ స్క్రీను మీంచి చూపు తిప్పలేదు. చిన్నాన్నగారి కార్డులో తప్పుపడిన పేరు నేను సరిచేయబోతే నా చెయ్యి మీద కొట్టింది. "కార్డులో తప్పుంటే తప్పే కొట్టు. గేటుకాడ ఆడికి ఆ తప్పే కావాల," అంది. అన్నాళ్ళ తర్వాత నాతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే. రాజీ పడిందనుకుని టీ తెప్పించాను. తాగలేదు.

ఆట రోజు రెండు వ్యాన్లలో వెళ్ళాం. గేటు దగ్గర లైనులో అందరికన్నా ముందు మా అత్త. మెషీన్ ఆవిడ కాగితం చదివింది, పచ్చ లైటు వెలిగింది, ఆవిడ లోపలికి నడిచింది. వెనకే చిన్నాన్నగారు. ఎర్ర లైటు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ ఎర్ర లైటే. ఈ టిక్కెట్టు మీద మనిషి అప్పుడే లోపలికి వెళ్ళిపోయాడని మెషీన్ చెబుతోంది. ఆయన వెనకవాళ్ళకీ అదే. నిర్వాహకుల దగ్గర పనిచేసేవాడొకడు ఆ టిక్కెట్లకే నకళ్ళు తీసి అవతలివాళ్ళకి అమ్ముకున్నాడని మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం గేటు సూపర్‌వైజరు, మెడలో టై, చేతిలో వాకీటాకీ, పూడిమడక బ్యాచంతా దొంగ టిక్కెట్లేనని అందరూ వినేలా అన్నాడు. చిన్నాన్నగారి కాలరు పట్టుకుని పక్కకి లాగాడు. తండ్రి వయసున్న మనిషిని.

నేను ముందుకెళ్ళి ఇంగ్లీషులో చెప్పబోయాను. టిక్కెట్లు నా సెంటర్లోనే తీశామని, పొరపాటు వాళ్ళ కంప్యూటర్లోనే ఉందని. అతను వినడంలేదు. అప్పుడు లోపలినుంచి ఆ గొంతు వినపడింది.

"ఇంగిలీసు ఆపరా. ముందు ఆయన కాలరొగ్గమను."

వెనక్కి నడిచి వస్తోంది. ఒకసారి బయటికొస్తే ఆ టిక్కెట్టు ఇంక చెల్లదని సూపర్‌వైజరు హెచ్చరించాడు. ఆవిడ ఆ మాట విననట్టే గేటు దాటి బయటికొచ్చి చిన్నాన్నగారి పక్కన నిలబడింది. కాలరు మీద చెయ్యి తీసేదాకా అతని కళ్ళలోకి చూసింది.

"కాగితం మీద పేరుంది. ఆ పేరుగల మడిసి నీ ఎదురుగా ఉన్నాడు, సేతిలో కార్డుంది. ఇంకేటి కావాలి నీకు?"

"మాకు పేర్లతో పనిలేదమ్మా. మెషీన్ నంబరే చూస్తుంది."

"మరి పేరెందుకు కొట్టించేవు మాసేత?"

అతను వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. గేటు మూయించేశాడు. కాసేపటికి లోపల విజిలు వినపడింది.

ఆవిడ అన్నాళ్ళూ ఎదురుచూసిన ఆట అది. మావయ్య ఆడిన రోజుల్లో క్లబ్బు ఎప్పుడూ సెమీఫైనల్ దాకా రాలేదు. గోడ అవతల ఆట జరుగుతోంది, ఇవతల మేం నిలబడి ఉన్నాం. పోలీసులొచ్చి కదలమన్నారు. కదలనంది. మనవాళ్ళు కొందరు రాళ్ళు తీశారు. రాయి వేస్తే వాడన్న మాట నిజమవుతుందని చెప్పి వాళ్ళందరిచేతా కింద పడేయించింది. నన్ను లోపలికి పొమ్మంది, నా టిక్కెట్టు ఇంకా మెషీన్లో పెట్టలేదు కదా అని. నేను వెళ్ళలేదు. వెళ్ళనందుకు కూడా తిట్టింది. లోపలినుంచి కేకలు వినపడినప్పుడల్లా అవి ఎవరివో తెలియక మొహాలు చూసుకునేవాళ్ళం. సెకండ్ హాఫ్ చివర్లో ఒక పెద్ద కేక వచ్చింది. ఆ తర్వాత అంతా సద్దుమణిగింది.

జనం బయటికొచ్చాక తెలిసింది, ఓడిపోయామని. మా సెంటర్ ఫార్వర్డు చెమటతో తడిసిన జెర్సీతోనే గేటు దాటి వచ్చి, వాళ్ళ చిన్నాన్నని బయట చూసి ఆగిపోయాడు. మన స్టాండులోంచే ఈలలు వేస్తుంటే మీకేమైందో అర్థం కాలేదన్నాడు.

"మేం లేకపోతే గోలు కొట్టడం మానేత్తావేటి? ఆ స్టాండుకేసి సూసేవాడివి బంతికేసి..." అని మొదలుపెట్టిన అత్త వాక్యం పూర్తి చెయ్యలేకపోయింది. గొంతు జీరపోయింది. దగ్గినట్టు చేసి పక్కకి తిరిగింది. ఆ గొంతు అలా కావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత నిర్వాహకుల ఆఫీసుకి చాలాసార్లు తిరిగింది. నష్టపరిహారం అడగలేదు. ఆ సూపర్‌వైజరు పూడిమడక వచ్చి, వాళ్ళ వీధిలో, చిన్నాన్నగారికి క్షమాపణ చెప్పాలంది. ఫైనల్‌కి పాసులిస్తామన్నారు వాళ్ళు. పాసులు బల్లమీదే వదిలేసి వచ్చేసింది. క్షమాపణ మాత్రం రాలేదు. ఆవిడ మళ్ళీ ఆ స్టేడియంలో అడుగు పెట్టలేదు, వాళ్ళని క్షమించనూ లేదు. కాలం అన్నీ మరిపిస్తుందని ఎవరో ఓదార్చబోతే, తనకి మరిచిపోయే జబ్బు లేదని చెప్పి పంపేసింది.

ఆ టిక్కెట్ల పని వదిలేస్తానని నేనంటే ఒప్పుకోలేదు.

"నువ్వు మానేత్తే ఇంకోడు సేత్తాడు. ఆడెవడో మనకి తెలీదు. నువ్వే సెయ్యి. కానీ టిక్కెట్టిచ్చినోడివి గేటుదాకా ఎల్లు. ఎవడినైనా ఆపితే ఆడి పక్కన నిలబడు."

మరుసటేడు మొదటి ఆటకి వెళ్ళాను. కశింకోట వైపు చెరకు రైతు ఒకాయన్ని మెషీన్ ఆపేసింది. నేను ధైర్యవంతుణ్ణి కాదు, అయినా ఆయన పక్కన నిలబడ్డాను. వాదించాను, అరిచాను, పెద్దాఫీసరుని పిలిపించాను. ఆయన్ని లోపలికి పంపేసరికి హాఫ్ టైమైంది. ఇంటికొచ్చి ఆవిడకి చెప్పాను.

"మొదటి గోలు సూసేవా?" అంది.

లేదన్నాను. తను కూర్చున్న కుర్చీ నావైపు తోసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఆవిడ నన్ను మెచ్చుకున్నది అంతే. నాకది చాలు. నా బతుకులో పనికొచ్చే చదువేదైనా ఉందంటే అది ఆ గేటు దగ్గర నేర్చుకున్నదే.

కంప్యూటర్ టిక్కెట్టు మంచిదేనని నేను ఇప్పటికీ అంటాను. కాదని ఆవిడ చివరిదాకా అంది. మొన్న ఆదివారం కూడా ఆ మాటమీదే మా ఇంట్లో కంచాల దగ్గర పెద్ద రగడ జరిగింది.

కార్యక్రమానికి పూడిమడకనుంచి వ్యానునిండా వచ్చారు. చిన్నాన్నగారు పాడె మోశారు. మా సెక్రటరీ ఎవరి పక్కనా నిలబడకుండా దూరంగా నిలబడి, చివరిదాకా ఉండి వెళ్ళాడు. స్నానాలయ్యాక పూడిమడకవాళ్ళంతా తడి తలలతో వ్యానెక్కారు. బండి కదులుతుండగా వెనక సీట్లోంచి ఎవరో, వచ్చే ఆటలో కొత్త లెఫ్ట్ బ్యాకుని దింపితే మునిగిపోతామన్నాడు. ముందు సీటువాడు వెనక్కి తిరిగి, నీకేం తెలుసన్నాడు. అంతే, వ్యానంతా లేచింది. డ్రైవరు కూడా ఒక చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి తన మాట తను చెబుతున్నాడు. బండి చెరకుతోటల మధ్య మలుపు తిరిగి కనపడకుండా పోయింది. కానీ ఆ తగువు, ఒకరి మాట మీద ఒకరి మాట, రోడ్డు మీద నిలబడ్డ నాకు చాలాసేపు చెరకాకుల మీదుగా వినపడుతూనే ఉంది.