అవ్వ అరుగు మీద పెట్టిన స్టవ్వు

నా చిన్నప్పుడు మా అమ్మ కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అమ్మ దాన్ని ఎప్పుడో మరిచిపోయింది. నాకు మాత్రం అది కనిపించిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. కాల్చిన స్టవ్వు మీద కాదు నా కోపం, ఆ స్టవ్వు ఎంతో బాగుందని అమ్మకు చెప్పిన మనుషుల మీద.

అప్పట్లో మేము తిరుపతిలో ఒక సన్నటి వీధిలో, మేడ ఇంటి కింది వాటాలో అద్దెకు ఉండేవాళ్లం. మా నాయన కొండకు బస్సు నడిపేవాడు. తెల్లారకముందే ఆయనకు అన్నం కట్టివ్వాలి. వానాకాలంలో పచ్చికట్టెలు అంటుకోక, ఊదుగొట్టంతో ఊదీ ఊదీ అమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఆ వీధిలో అప్పుడప్పుడే పంపు స్టవ్వులు వస్తున్నాయి. కిరసనాయిలు పోసి, గాలి కొట్టి ముట్టిస్తే బుస్సుమని నీలంగా మండుతాయి. పొగ ఉండదు. అమ్మకు దాని మీద ఆశ పుట్టింది.

ఆశ పుట్టిందని గుడ్డిగా కొనే మనిషి కాదు మా అమ్మ. స్టవ్వు ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లి బాగుందా అని అడిగి వచ్చింది. పక్కింటి అక్క, పెళ్లయి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, దివ్యంగా ఉందని చెప్పింది. వీధి చివర టీచరమ్మ, బడికి బయల్దేరే లోపల వంటంతా అయిపోతోందని చెప్పింది. మేడ మీద ఉండే ఇంటి ఓనరమ్మ అయితే ఏ అంగట్లో కొనాలో కూడా చెప్పి, తన పేరు చెప్పమని మరీ పంపింది. ఇంతమంది చెప్పాక ఇంకా అనుమానం ఎందుకుంటుంది? నాయన కొనుక్కొచ్చాడు.

కొన్నాళ్లు బాగానే మండింది. తర్వాత పంపు దగ్గర నూనె చెమ్మగా కారడం మొదలైంది. ఒక పొద్దున అమ్మ గాలి కొడుతూ ఉండగా మంట పైన రావాల్సింది పోయి, కింద ఇత్తడి బుడ్డి మెడ దగ్గర గుప్పుమని లేచి ఆమె చేతిని అందుకుంది. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, తడిపిన గోనెసంచి మీదేసి మంట ఆర్పింది. ఎవరో పరిగెత్తుకొచ్చి నా బడి సంచిలోని సిరాబుడ్డి తీసి అమ్మ చేతి మీద ఒంపారు. ఆ నీలం రంగు కింద తోలు ముడతలు పడడం నేను చూశాను.

పలకరించడానికి వీధంతా వచ్చింది. వచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట.

"మాది బాగానే మండుతా ఉండాదే! నువ్వే గాలి ఎక్కువ కొట్టింటావు."

"బర్నర్లో పిన్ను వంకరగా గుచ్చింటావు లేమ్మా. దానికీ ఒక ఒడుపుండాల."

అమ్మ చేతికి కట్టుతో తల వంచుకుని వినేది. కాలింది తన చెయ్యి, తప్పూ తనదే అయింది. చివరికి మా నాయన కూడా అనేశాడు. "వీధి వీధంతా వాడతా ఉంటే నీ ఒక్కదానికే చేతకాలేదా?" అని. ఆయన చెడ్డవాడు కాదు. అయినా ఆ మాట అన్నాడు. స్టవ్వును బాగు చేయించడానికి అంగడికి పంపి, ఆదివారం వస్తుంది, ఈసారి జాగ్రత్తగా ముట్టించు అని చెప్పాడు.

 ఆయన బస్సుకు వెళ్లాక అమ్మ అవ్వ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి ఒకటే అడిగింది. "అత్తా, ఆదివారం నేను స్టవ్వు ముట్టించేటప్పుడు పాపను బయట వీధిలో కూసోబెట్టుకోండి." పాపంటే నేనే.

 ఆ సాయంత్రమే అవ్వ ఒక చిన్న సత్తుగిన్నె తీసుకుని, నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది. తోడు అడగడానికట.

"ఇంట్లో కుండనిండా పెరుగుండాది గదవ్వా?" అన్నాను.

"తెలుసులే. నోరు మూసుకోని రా."

మా వైపు ఎవరైనా పాలల్లో వేయడానికి తోడు అడిగితే లేదనకూడదు. అయితే దీపం పెట్టాక మాత్రం ఇవ్వరు. అందుకని తోడుకు వెళ్లేవాళ్లు దీపం వేళకు కాస్త ముందే వెళ్లాలి. సరిగ్గా అప్పుడే ప్రతి ఇంట్లోనూ రాత్రి వంటకు పొయ్యి మండుతూ ఉంటుంది. పెద్దావిడ కనక అవ్వ గడప దగ్గర ఆగకుండా నేరుగా వంటింట్లోకే నడిచేది.

పక్కింటి అక్క వంటింట్లో పొగకు మనిషి కనిపించలేదు. కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుతోంది. అటక మీద గోనెపట్టాలో చుట్టిన స్టవ్వు, మెడ దగ్గర నల్లగా మాడి, బయటికి కనిపిస్తోంది. అవ్వ పైకి ఒకసారి చూసి, తోడు తీసుకుని బయటికి వచ్చింది.

టీచరమ్మ ఇంట్లో బొగ్గుల కుంపటి మీద పులుసు ఉడుకుతోంది. ఆ మూల గోడకు, మోకాలి ఎత్తులో, దేవుడి కేలండరు తగిలించి ఉంది. అంత కిందికి కేలండరు ఎవరూ తగిలించరు. దాని చుట్టూ గోడ మసిబారి ఉంది. అవ్వ వేలితో కేలండరు అంచు కాస్త పక్కకు జరిపి, వెనక మంట ఎగసి కాలిన మచ్చ చూసి, మళ్లీ సరిగ్గా పెట్టింది. టీచరమ్మ గరిటె చేత పట్టుకుని, ఇవాళ బడిలో నేను పాఠం బాగా చదివానని మా అవ్వకు చెబుతోంది.

మేడ మీదమ్మ వంటింట్లో స్టవ్వు దాచి లేదు. ఎదురుగానే ఉంది. ఒక్కసారి కూడా ముట్టించనందువల్ల ఇత్తడి పచ్చగా మెరుస్తోంది. పక్కన కట్టెల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అలమర నిండా కొత్త స్టీలు గిన్నెలు. అందులో ఒక చిన్న గిన్నెతో ఆమె తోడు తెచ్చింది. గిన్నె మీద చెక్కిన అక్షరాలు చూపించి, చదవమని అవ్వ నన్ను అడిగింది. కూడబలుక్కుని చదివాను. అది మా స్టవ్వు కొన్న అంగడి పేరు.

మేడ మీదమ్మ సిగ్గుపడుతుందనుకున్నాను. ఆమె నవ్వింది.

"మంచోళ్లమ్మా వాళ్లు. ఎవురినన్నా పంపిస్తే ఊరికే ఉండరు, ఏదో ఒకటి చేతిలో పెడతారు."

అవ్వ ఆ గిన్నెను నేల మీద పెట్టేసింది. "నీ తోడు నాకొద్దు తల్లీ" అంది. ఇచ్చిన తోడును వద్దనడం మా వైపు ఎంత పెద్ద మాటో ఆమెకూ తెలుసు. అప్పుడు పోయింది ఆమె నవ్వు. 

ఆ రాత్రి నాయన భోజనానికి కూర్చోగానే అవ్వ మొదలుపెట్టింది.

"ఆ స్టవ్వు మీద యా ఇంట్లోనూ వంట చేస్తా లేరురా."

"అందరూ బాగుండాదని చెప్పిరి గదమ్మా!"

"చెప్పినారు. నువ్వు కొండ ఘాటురోడ్డు ఎక్కే ముందు బ్రేకు సంగతి ఎవుర్ని అడగతావు? బస్సుకు రంగేసినోణ్ణి అడగతావా, కొండ దిగొచ్చిన డ్రైవర్ని అడగతావా?"



ఆదివారం స్టవ్వు తళతళలాడుతూ తిరిగొచ్చింది. అవ్వ దాన్ని గడప దాటనివ్వలేదు. వీధి అరుగు మీద, కుళాయికి పోయే ఆడవాళ్లందరి కంటా పడేటట్టు పెట్టింది. అమ్మను పిలిచి, కట్టు విప్పి, దాని పక్కన కూర్చోమంది. "ఎవురన్నా అడిగితే చెయ్యి చూపీ. నోరు తెరవొద్దు" అని చెప్పి, తాను మరో పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంది.

బిందెలతో వచ్చినవాళ్లు నిలబడ్డారు. కొందరు చూడనట్టే వెళ్లిపోయారు. పక్కింటి అక్క మాత్రం అమ్మ చెయ్యి చూసి, బిందె దించి, ఇంట్లోకి పోయి, అటక మీది స్టవ్వు తెచ్చి మా స్టవ్వు పక్కన పెట్టింది. గాజులు పైకి జరిపి తన చెయ్యి చూపింది. చిన్నదే, కానీ అదే మచ్చ.

"మా ఆయన ఆశగా తెచ్చినాడవ్వా. బాగలేదని యా నోటితో చెప్పేది?" అంటూ ఏడ్చింది.

"నీ మొగుడు చిన్నబోతాడని మా పిల్ల చెయ్యి కాలుస్తావా?" అని అవ్వ అరిచిన అరుపు కుళాయి దాకా వినిపించింది. అంతలోనే తన చెంగుతో ఆ అక్క ముఖం తుడిచింది కూడా. టీచరమ్మ ఆ రోజు గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుని పోయింది. మర్నాడు తెల్లారి చూస్తే అరుగు మీద ఇంకొక స్టవ్వు ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చూడలేదట.

అంగడి మనిషి విషయం విని ఎగిరెగిరి వచ్చాడు.

"ఏమవ్వా, మా పేరు చెడగొడతా ఉండావు? వాడేది తెలవక కాల్చుకోని..."

"రా అప్పా, కూసో" అంది అవ్వ ఎంతో మర్యాదగా. "వాడేది తెలిసినోడివి నువ్వే ముట్టించు. ఒక లోటా కాఫీ కాచుకోని తాగిపో." అగ్గిపెట్టె అతని చేతిలో పెట్టింది.

అతను స్టవ్వు కేసి చూశాడు. అగ్గిపెట్టె కేసి చూశాడు. చుట్టూ బిందెలతో నిలబడిన ఆడవాళ్లను చూశాడు. పనుందంటూ అగ్గిపెట్టె అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. అమ్మ అప్పుడు నవ్వింది. చెయ్యి కాలాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ చెయ్యి మానేదాకా పొద్దున్నే కట్టెల పొయ్యి ఊదింది మా నాయనే.

ఇప్పుడు నాకూ ఒక చంటిబిడ్డ ఉంది. చదువుకున్నదాన్ని, పత్రికల్లో ప్రకటనలన్నీ చూస్తాను. అయినా వైరున్న ఏ వస్తువు ఇంట్లోకి వస్తుందన్నా నాకు గుండె దడ. ఈ చలికాలం బిడ్డకు స్నానానికి నీళ్లు కాచే కరెంటు కడ్డీ కొందామని మా ఆయన అన్నారు. వాళ్ల ఆఫీసులో ఒకాయన ఇంట్లో వాడుతున్నారట, బ్రహ్మాండంగా ఉందట.  మర్నాడు పొద్దున స్నానాల వేళకు బిడ్డను చంకనేసుకుని వాళ్లింటికి వెళ్లి ఆయన భార్యను తోడు అడిగాను. పెరట్లో మూడు రాళ్ల మీద రాగికాగులో నీళ్లు మరుగుతున్నాయి. కరెంటు కడ్డీ స్నానాల గది తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. బాగుందా అని నేను అడగలేదు. కడ్డీ ఏం చేసింది అని అడిగాను. ఆమె నా బిడ్డ కేసి ఒకసారి చూసి, షాకు కొట్టిందని చెప్పింది. "మా ఆయనకు చెప్పొద్దండీ, నలుగురికీ బాగుందని చెప్పుకున్నారు" అని కూడా అంది.

నాకు మళ్లీ ఆ పాత కోపం వచ్చింది. గిన్నె కోసం అబద్ధం చెప్పిన మేడ మీదమ్మను అయినా అర్థం చేసుకోగలను. మొగుడి ముఖం కోసం, బడిలో మర్యాద కోసం, ఊరికే బాగుందని చెప్పి ఊరుకున్నవాళ్లను ఈనాటికీ క్షమించలేను. ఒక్కరు, ఒక్క మాట చెప్పి ఉంటే మా అమ్మ చెయ్యి చెయ్యిలాగే ఉండేది. అందుకే మా ఆయన ముచ్చటపడి కొన్న మిక్సీ ఎలా ఉందని ఎవరడిగినా, మూత దగ్గర కారుతుందని ఆయన ఎదురుగానే చెబుతాను. ఆయన ముఖం చిన్నబోతుంది. పోనీ.

అవ్వ పోయింది. ఆమె సత్తుగిన్నె నా దగ్గరే ఉంది. మా ఇంట్లో పెరుగు ఎప్పుడూ ఉంటుంది. అయినా ఇంట్లోకి కొత్త వస్తువు రావాలంటే, ముందుగా నేను ఆ గిన్నె చేతికి తీసుకుంటాను.