రెండోసారి అడగలేదు

ఇంగ్లండులో నేను చదివిన బడిలోనే మా అమ్మాయికి సీటు వచ్చింది. వస్తామో రామో శుక్రవారంలోగా ఆన్‌లైన్‌లో చెప్పాలి. ఆ ఫారం పది రోజులుగా నా ల్యాప్‌టాప్‌లో తెరిచే ఉంది. ఆఫీసు మీటింగులన్నీ దాని పక్కనే కానిచ్చేస్తున్నాను గానీ, అందులో ఒక్క మీటా నొక్కలేదు.

అమెరికాలో, ప్లేనోలో మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు ఉండేది నేనూ అమ్మాయీ మాత్రమే. మా ఆయన క్లయింటు ఐదు గంటల దూరంలో, బెంటన్‌విల్‌లో. సోమవారం తెల్లారకుండానే కారు తీస్తే మళ్ళీ గురువారం రాత్రికే ఇల్లు చేరతారు. పదమూడేళ్ళ ఈ పిల్ల కూడా వెళ్ళిపోతే నాలుగు పడకగదుల కొంపలో నాకు తోడు డిష్‌వాషరు చప్పుడే. ఈ మాట నేనెవరికీ చెప్పలేదు. పిల్ల చదువుకు అడ్డుపడే తల్లి అనిపించుకోవడం నాకిష్టం లేదు.

ఆ బడి సంగతి కాస్త చెప్పాలి. కొన్ని వందల ఏళ్ళ కిందట ఒక ఉన్ని వ్యాపారి తన ఊరి బీదపిల్లలకు నాలుగక్షరాలు నేర్పమని పెట్టిన బడి అది. నేను చేరేనాటికి బీదపిల్లలు కలికానికి కూడా లేరు. ఏడాదికోసారి మాత్రం ఆయన సమాధి మీద పూలు పెట్టి, బీదల మీద ఆయనకున్న దయను పొగుడుతూ పాట పాడేవాళ్ళం. అలాంటి బళ్ళను అక్కడ పబ్లిక్ స్కూళ్ళంటారు. పబ్లిక్‌కి మాత్రం గేటు దాకానే ప్రవేశం. హైదరాబాదు నుంచి స్కాలర్‌షిప్పు మీద చివరి రెండేళ్ళ చదువుకు వెళ్ళి, నేను ఎలాగో లోపల పడ్డాను.

రాతిమెట్లు నడిమధ్య అరిగి గుంటలు పడి ఉండేవి. ఎన్ని తరాల మగపిల్లలు తొక్కితే అలా అరిగాయో. ఆడపిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. ముందున్న పచ్చిక మీద పెద్ద తరగతి నాయకులు తప్ప ఎవరూ అడుగు పెట్టకూడదు. ప్రార్థన మందిరం గోడ మీద యుద్ధాల్లో పోయిన విద్యార్థుల పేర్లు చెక్కి ఉండేవి. నాతో భోజనం చేసే పిల్లల ఇంటిపేర్లు కొన్ని ఆ గోడ మీదా కనబడేవి. వాళ్ళ తాతలూ ముత్తాతలూ అన్నమాట. నా ఇంటిపేరు ఆ ఊరు మొత్తంలో ఒక్క హాజరుపట్టీలోనే ఉండేది, అదీ తప్పులతో.

నెలకొక ఆదివారం ప్రార్థన అయ్యాక సాయంత్రం ఆరింటి హాజరు దాకా బయటి సెలవు. తల్లిదండ్రులు కార్లలో వచ్చి పిల్లల్ని తీసుకుపోయేవాళ్ళు. వెళ్ళే ముందు ఎవరింటికి వెళ్తున్నామో గుమ్మం దగ్గరి పుస్తకంలో రాసి వెళ్ళాలి. దూరదేశాల పిల్లల్ని తోటివాళ్ళెవరైనా ఇంటికి పిలవడం అక్కడి ఆనవాయితీ.

నన్నూ పిలిచారు. నా పక్క మంచం పిల్ల, గొర్రెలు పెంచే కుటుంబం వాళ్ళది. మొదటి సెలవుకు ముందు రోజు దుప్పటి మడతపెడుతూ, "రేపు మా ఇంటికి వస్తావా? అమ్మ నిన్ను తీసుకురమ్మంది" అంది.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ మనం ఎవరం? ఎవరైనా భోజనానికి లేవండి అనగానే లేచేవాళ్ళను మా ఇంట్లో మర్యాద తెలియనివాళ్ళనేవారు. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నా మొదటిసారి "ఇప్పుడే తిని వచ్చామండీ" అనాలి. రెండోసారి "అయ్యో, మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి చెయ్యి పట్టుకు లాగితే, ఏదో వాళ్ళ మాట తీసెయ్యలేక అన్నట్టు విస్తరి ముందు కూర్చోవాలి. ఇదంతా నాకు ఉగ్గుపాలతో పట్టిన విద్య. అందుకని "పర్వాలేదు, మీకెందుకు శ్రమ" అన్నాను. ఏకంగా రెండోసారి అనవలసింది మొదటిసారే అనేశాను కాబట్టి, ఇంకొక్కసారి అడిగితే చాలు.

ఆ పిల్ల ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "సరే, నీ ఇష్టం" అని దుప్పటి సర్దుకుంది.

మర్నాడు ఉన్నంతలో మంచి స్వెటరు వేసుకుని, తల దువ్వుకుని గుమ్మంలో నిలబడ్డాను. వాళ్ళమ్మ కారు వచ్చింది. ఆ పిల్ల ఎక్కింది, నాకు చెయ్యి ఊపింది. కారు వెళ్ళిపోయింది. కాదన్నవాళ్ళను మళ్ళీ అడిగితే వేధించడం అవుతుందని వాళ్ళ మర్యాద. మొహమాటం మీద మనకో మోటు సామెత ఉంది, తెలిసినవాళ్ళకు తెలుసు, ఇక్కడ రాయను.

వార్డెన్ గారు చూస్తుండగా పుస్తకంలో "మేనమామ ఇల్లు" అని రాసి బయటపడ్డాను. ఆ దేశంలో నాకు మేనమామ కాదుగదా, బడి బయట ముఖం తెలిసిన మనిషే లేడు. ఊరి రైల్వేస్టేషనులో బెంచీ మీద కూర్చుని, చిప్స్ తింటూ, వచ్చేపోయే రైళ్ళు చూస్తూ ఆరు దాకా గడిపాను. తిరిగొచ్చాక వార్డెన్ గారు "బాగా గడిచిందా?" అంటే "చాలా బాగా" అన్నాను. రెండేళ్ళూ అదే మేనమామ, అదే బెంచీ. ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా తినని దాన్ని నేను.

ఇవేవీ ప్లేనోలో ఎవరికీ చెప్పలేదు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లలో "మీ ఇంగ్లండ్ స్కూల్ గురించి చెప్పండి" అని ఎవరైనా అడిగితే రాతిమెట్లూ, పచ్చికా, క్రిస్మస్ ముందు కొవ్వొత్తుల ప్రార్థనా వర్ణించేదాన్ని. పక్క మంచం పిల్లతో వాళ్ళ ఊరెళ్ళి గొర్రెపిల్లకు సీసాతో పాలు పట్టానని, వాళ్ళమ్మ చేసిన ఆపిల్ పై రెండు ముక్కలు తిన్నానని కూడా చెప్పాను. చెప్పి చెప్పి నాకే రుచి తెలిసినట్టు ఉండేది. మా అమ్మాయి ఈ కథలు వింటూ పెరిగింది. తానూ అక్కడే చదువుతానని పోయినేడు అంది, పరీక్ష రాసింది, వీడియోలో ఇంటర్వ్యూ ఇచ్చింది. సీటొచ్చిన రోజున "వెళ్తావా?" అని అడిగాను. "ఓకే" అంది. అంతటితో సరి.

గురువారం పొద్దున దాని స్కూలు ముందు కార్ల వరసలో ఉన్నాం. ముందు ముప్ఫై కార్లు. ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మా, నీ ఫార్మ్ ఫ్రెండ్ ఇప్పుడు ఎక్కడుంది?"

"తెలీదురా."

"మీరు టచ్‌లో లేరా? బెస్ట్ ఫ్రెండ్ కదా?"

ఇంకొక్క రోజులో నా పిల్ల నా అబద్ధాన్ని నమ్మి సముద్రం దాటడం ఖాయమయ్యేది. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "ఫ్రెండ్ కాదు. వాళ్ళింటికి నేనెప్పుడూ వెళ్ళలేదు" అన్నాను.

"బేబీ లాంబ్?"

"కల్పించి చెప్పా."

"ఆపిల్ పై?"

"అదీ."

"మరి సండేస్ ఏం చేశావ్?"

స్టేషను బెంచీ గురించి చెప్పాను. స్వెటరు గురించీ చెప్పాను. చెబుతుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. "రమ్మంటే ఎందుకెళ్ళలేదు మరి?" అంది.

"మళ్ళీ అడుగుతుందనుకున్నా."

కారు నాలుగు అడుగులు కదిలింది. అది కిటికీలోంచి బయటకు చూస్తూ, "నేనూ అంతే" అంది.

"ఏంటి నువ్వూ?"

"సీటొచ్చినప్పుడు వెళ్తావా అన్నావ్ కదా. నేను ఓకే అన్నా. నువ్వు మళ్ళీ అడుగుతావ్ అనుకున్నా. యు నెవర్ డిడ్."

ఇంతలో మా వంతు వచ్చింది, టీచరు వచ్చి తలుపు తీసింది. "వెళ్ళాలని ఉందా నీకు?" అని గబగబా అడిగాను. "ఇట్స్ ఫైన్, అమ్మా" అని బ్యాగు తగిలించుకుని దిగిపోయింది. వెనక కారు హారన్ కొట్టింది.

మధ్యాహ్నం మూడున్నరకు అదే వరసలో మళ్ళీ ఉన్నాను. అది సీటు బెల్టు పెట్టుకోకముందే పొద్దుటి ప్రశ్నే రెండోసారి అడిగాను. "ఏమో" అంది. మూడోసారి అడగడానికి పార్కింగులోకి తిప్పి ఇంజను ఆపేశాను.

"నువ్వెళ్తే నేను ఒక్కదాన్నే అయిపోతాను. నాకు నువ్వు ఇక్కడే ఉండాలని ఉంది. ఉంటావా?"

"ఉంటా" అంది. "ముందే చెప్పచ్చు కదా" అని నా చెయ్యి గిల్లింది, నొప్పెట్టేలా.

ఇంటికొచ్చి, అది పక్కన కూర్చుని చూస్తుండగా, ఫారంలో "రావడం లేదు" అన్న చోట నొక్కాను. తెర మీద చిన్న గడి లేచింది. మీరు నిజంగానే వద్దంటున్నారా అని అడిగింది. ఆ బడి నన్ను రెండోసారి అడగడం అదే మొదలు.

అవునని నొక్కాను.