మా నది, మన నది: శ్రీరాంపూర్‌లో నాలుగు జాతుల సభ

"చెల్లె, నీ సభ నిలబడుతలేదు. జర నువ్వే వచ్చి చూడు" అని శ్రీరాంపూర్ నుంచి సదానందం అన్న ఫోన్ చేయడంతో ఈ ప్రయాణం మొదలైంది. నేను కరీంనగర్‌లో ఉంటాను, నాటకాలు రాస్తాను. ఈసారి రాసింది పూర్తిగా నేనే కల్పించిన లోకం. నదులను తాగేసే ఎండరాజు దండెత్తి వస్తున్నాడు. అతణ్ణి ఆపాలంటే కొండవాళ్లు, అడవివాళ్లు, సొరంగంవాళ్లు, ఏటివాళ్లు ఒక్కటి కావాలి. ఆ నాలుగు జాతులు కూర్చుని మాట్లాడుకునే సభే నాటకానికి ప్రాణం. సదానందం అన్న బొగ్గు గనిలో పనిచేస్తూ, కాలనీ వాళ్లతో నాటకాలు ఆడిస్తాడు. రిహార్సల్ చూసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారట: "గింతసేపు కొట్లాడుకున్నోళ్లు ఒక్క ఉపన్యాసానికే ఎట్ల కలిసిండ్రు?" శనివారం సాయంత్రం కాలనీ మైదానంలో మొదటి ప్రదర్శన. అక్కడ గనక సభ పండకపోతే, తర్వాత ఆదిలాబాద్‌లో ఆడేటప్పుడు దాన్ని తీసేసి నేరుగా యుద్ధంలోకి దూకుతానన్నాడు. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. అయినా తప్పు నటులదే తప్ప నా రాతది కాదని గట్టి నమ్మకం. దిద్ది వచ్చేద్దామని బయల్దేరాను.

తొందరున్నవాళ్లు పెద్దపల్లి, గోదావరిఖని మీదుగా మంచిర్యాల చేరుకోవచ్చు. నాకు గోదావరిని తాపీగా చూడాలనిపించి, శనివారం పొద్దున్నే జగిత్యాల మీదుగా ధర్మపురి వెళ్లే బస్సెక్కాను. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు, కాకపోతే సీటు మాత్రం మోచేతులతో సంపాదించుకోవాలి. రెండున్నర గంటల్లో ధర్మపురి. నరసింహస్వామి దర్శనం త్వరగానే అయింది. పెద్ద వానలు అప్పుడే తగ్గిన వారం కావడంతో గోదావరి మెట్ల దాకా నిండుగా ఉంది. ఒడ్డున బండి మీద ఒక పెద్దామె సర్వపిండి కాలుస్తోంది. ముప్పై రూపాయలకు చెయ్యంత ముక్క పెట్టి, ఎటు పోతున్నావని అడిగింది. నాటకానికని చెప్పాను.

"నువ్వేం వేషం కడుతున్నవ్ బిడ్డా?"

"వేషం లేదు పెద్దమ్మా, రాసింది నేను."

"అంటే అందరి మాటలు నీయేనా! మరి ఆళ్లేం మాట్లాడుతరు?"

నవ్వేసి ఇంకో ముక్క పెట్టించుకున్నాను. అక్కడి నుంచి రాయపట్నం వంతెన దాటి, లక్సెట్టిపేట మీదుగా మధ్యాహ్నానికి మంచిర్యాల చేరాను. శ్రీరాంపూర్‌కు ఆటో అతను రెండు వందలు అడిగాడు. "షేర్ ఆటో లేదా అన్నా?" అంటే, "ఉన్నది గని, గది నిండేదాక కూసోవాలె. నీకు ఓపికున్నదా అక్కా?" అన్నాడు. ఓపిక నాకు దండిగా ఉంది. కాసేపు కూర్చుని ముప్పై రూపాయలతో వెళ్లాను. దారంతా బొగ్గు లారీలు, దుమ్ము. తెల్ల బట్టలు వేసుకుని మాత్రం వెళ్లకండి.

కాలనీ హాల్లో రిహార్సల్ నడుస్తోంది. ఏటివాళ్ల రాణి వేషం షాహీన్ ఆపాది (ఆపా అంటే అక్క). మంచిర్యాలలో బట్టల దుకాణం ఆమెది, గొంతు విప్పితే మైకు అక్కర్లేదు. సభలో అందరికన్నా చివర సాయానికి రానని చెప్పేది ఆమె పాత్రే. నేను రాసిన మాట ఇది: "మేము రాము. మా నది ఇంకా నిండుగానే ఉంది." ఆపా చెయ్యెత్తి గంభీరంగా అంది, "మనం రాము. మన నది ఇంకా నిండుగానే ఉంది!"

నేను ఆపేశాను. "ఆపా, మన కాదు, మా. మన అంటే ఎదుటివాళ్లది కూడా అయిపోతుంది కదా. మీరేమో ఇవ్వనంటున్నారు."

"ఏం పరేషాన్ బిడ్డా గిది! మన ఇంట్ల ఉర్దూల రెండిటికీ 'హమ్' ఒక్కటే, అయిపాయె. మన దుకాణంల గూడ గంతే. 'మా దుకాణం' అన్ననంటే గిరాకీ లేచి పోతది. 'మన దుకాణం' అంటే కూసుండి ఇంకో చీర తియ్యమంటది."

వాళ్లిల్లు నేనెన్నడూ చూడలేదు. వాళ్ల దుకాణంలో జాకెట్ ముక్క కూడా కొనలేదు. అయినా రెండూ 'మన'వే అయిపోయాయి! మళ్లీ మళ్లీ చెప్పించాను. నా వైపు చూసి అన్నప్పుడు 'మా' వస్తోంది, పక్క నటుల వైపు తిరిగితే 'మన' అయిపోతోంది. "ఫికర్ జెయ్యకు, స్టేజి మీద సక్కగనే జెప్త" అని భుజం తట్టింది. తర్వాత అడవివాళ్ల ముసలి ఋషిని పట్టుకున్నాను. ఆ వేషం ఆదిలాబాద్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మరాఠీ ఆయన గజానన్ భావుది; నన్ను వాళ్ల మాటలో 'తాయీ', అంటే అక్కా అని పిలుస్తాడు. మొదట తానూ రానని, చివరికి అందరినీ కలిపే రెండు పేజీల ఉపన్యాసం అతనిదే. నాటకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో నేర్పించాను. ఇక సభ పండి తీరుతుందనుకున్నాను.

పొద్దు గూకే వేళకు మైదానం నిండింది. డ్యూటీ దిగి వచ్చినవాళ్లు వెనక నిలబడ్డారు, పిల్లలు ముందు చాపల మీద కూర్చున్నారు. సభ మొదలైంది. కొండవాళ్ల నాయకుడు "మేము మా కనుమలు కాచుకుంటాం" అన్నాడు. ఋషి "మేము మా చెట్లను వదలము" అన్నాడు. సొరంగంవాళ్ల పెద్దగా సదానందం అన్న, అద్దాలు అతికించిన గని టోపీతో, "మేము మా సొరంగంలనే ఉంటం, ఎండ మాకేం తగుల్తది?" అన్నాడు. షాహీన్ ఆపా లేచి నిలబడి, వాళ్ల ముగ్గురి వైపు తిరిగింది.

"మనం రాము! మన నది ఇంకా నిండుగానే ఉంది!"

జనంలోంచి ఎవరో "మనదేనటరోయ్!" అని అరిచారు. మైదానమంతా నవ్వు. నేను తల పట్టుకున్నాను. సదానందం అన్న మాత్రం నవ్వలేదు. నేను రాయని మాట ఒకటి అందుకుని, మెల్లగా లేచాడు.

"ఏమన్నవ్ రాణీ? మన నదా?"

ఆపాకు తప్పు తెలిసింది. ఒక్కసారి నా వైపు చూసింది. నేను పెదవులతో 'మా, మా' అని చూపిస్తూనే ఉన్నాను. ఆమె చూపు తిప్పేసుకుని గడ్డం పైకెత్తింది.

"అవు. మన నది అనే అన్న."

"గట్లయితే కావలి గూడ మనమే కాయాలె గద!"

"మన కనుమలకెల్లే పోదాం, నడువుండ్రి!" అని కొండవాళ్ల నాయకుడు కర్ర నేలకు కొట్టాడు. చప్పట్లు ఆగలేదు. ఉపన్యాసానికి నోరు తెరిచిన గజానన్ భావు, స్టేజి అంచుకు వచ్చి గుసగుసగా, "మరి నాది, తాయీ?" అన్నాడు పాపం. వద్దని చేత్తో సైగ చేశాను. నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. నాటకం అయ్యాక సదానందం అన్న టోపీ తీసి, "సభ నిలబడ్డది చెల్లె. ఆదిలాబాద్‌ల గూడ ఇట్లనే ఆడుదాం" అన్నాడు. ఇద్దరం కూర్చుని ఆ రెండు పేజీలూ కొట్టేశాం.

నా నలుగురు నాయకులతోనూ చివరిదాకా మేము, మేము అనిపించి, ఒక్క ఉపన్యాసంతో మనం అనిపించాలని చూశాను. నేను రెండు పేజీల్లో చేయలేనిది ఆపా నోట రెండు అక్షరాల్లో అయిపోయింది. నా నాటకం మీద నాకు నమ్మకం మొదటి నుంచీ ఉంది. ఇప్పుడు అందులో ఉన్నవాళ్ల మీద ఇంకా ఎక్కువ నమ్మకం కుదిరింది. నాటకాలు చూడటానికి శ్రీరాంపూర్ వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: చీకటి పడ్డాక మంచిర్యాలకు షేర్ ఆటోలు దొరకడం కష్టం, రాత్రి బస ముందే చూసుకోండి. నేను చూసుకోలేదు. రోడ్డు మీద నిలబడి అటూ ఇటూ చూస్తుంటే, ముఖం మీద రంగు ఇంకా పూర్తిగా తుడుచుకోని షాహీన్ ఆపా స్కూటీ తెచ్చి నా పక్కన ఆపింది.

"ఎక్కు బిడ్డా, మన ఇంటికి పోదాం."

ఈసారి దిద్దలేదు. ఎక్కి కూర్చున్నాను.